మేడిచెట్టుకు మందు కొట్టకండి

"కాయ చీల్చి చూస్తే లోపలంతా పురుగులే సార్, ఏ మందు కొట్టమంటారు?" మా నర్సరీలో మేడి మొక్క తీసుకెళ్ళినవాళ్ళు, చెట్టు కాపుకొచ్చాక ఫోన్ చేసి అడిగే మాట ఇదే. చిన్నప్పుడు బట్టీపట్టిన వేమన పద్యం అందరి బుర్రలోనూ ఉంది కదా, వాళ్ళ టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఏ మందూ వద్దు. అది తెగులు కాదు. ఆ పురుగు లేకపోతే అసలు కాపే లేదు.

మేడికాయంటే లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. ఆవగింజంత ఆడ కందిరీగ, కాయ కొసన ఉన్న సన్నటి కంతలోంచి రెక్కలు ఊడిపోయేలా దూరుతుంది. తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, కొన్నిటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. గుడ్డు పడిన పువ్వులో పిల్ల పెరుగుతుంది, పుప్పొడి అందిన మిగతా పూలలో గింజ కడుతుంది. పుట్టినవాటిలో మగవాటికి రెక్కలుండవు. అవి కాయకు బెజ్జం తొలిచి, ఆడవాటికి దారిచేసి, లోపలే చస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుని ఇంకో మేడిచెట్టు వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులే. మనల్ని కుట్టవు కూడా.

ఒకాయన నేను వద్దన్నా వినకుండా, ఎవరో చెప్పారని రెండుసార్లు మందు కొట్టించారు. వెళ్ళి చూస్తే చెట్టు మొదట్లో గోలీలంత పచ్చికాయలు పరుచుకుని ఉన్నాయి. నాలుగైదు చీల్చాను, ఒక్క గింజ కట్టలేదు. ప్రాణం ఉసూరుమంది. తర్వాతి కాపు ఆయన ముట్టుకోలేదు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా, పళ్ళకోసం చెట్టు మీద వాలిన కంసాలి పిట్ట టంగు టంగుమనడం వినిపించారు. మేడి ఏడాదిలో చాలాసార్లు కాస్తుంది, మిగతా చెట్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా. పగలు కోకిలలు, ఉడుతలు, రాత్రి గబ్బిలాలు, అడవిలోనైతే రాలిన పళ్ళకు జింకలు. మీరు కొట్టే మందు వీటన్నిటి పొట్టల్లోకీ పోతుంది.

ఇంకో మగచెట్టు కావాలంటారు, అక్కర్లేదు, మేడిలో ఆడ, మగ పూలు ఒకే కాయలో ఉంటాయి. పిట్ట తిని వేసిన గింజే మొలుస్తుందన్నదీ పుకారే. పండు పిసికి, కడిగి, గింజల్ని తడిమట్టి మీద చల్లండి, పూడ్చకండి. వేర్లు గోడలు పగలగొడతాయన్న భయం మాత్రం నిజం. ఇంటికి, సంపుకి బాగా దూరంగా నాటండి. చోటు లేకపోతే వాగు ఒడ్డున పెట్టండి, దానికి అదే పుట్టిల్లు. ఆకు పశువులకు ఇష్టం, చుట్టూ కంప కట్టడం మరిచిపోవద్దు.