అరువు గొంతుల ఊరు: చెన్నైలో తెలుగు డబ్బింగ్ వెనుక కథ

2023 జనవరి 27, శుక్రవారం. హైదరాబాద్‌లో జమున గారు కన్నుమూసిన రోజు. అదే రోజు చెన్నైలో ఇంకొకరు పోయారు, శ్రీనివాసమూర్తి. ఆ పేరు చెబితే చాలామందికి వెంటనే తెలియలేదు. సూర్య, విక్రమ్, అజిత్ తెలుగులో మాట్లాడితే మనకు వినబడేది ఆయన గొంతేనని చెప్పాక మాత్రం "అయ్యో, ఆయనా!" అన్నారు. మూర్తిగారి గొంతే తెలుగులో తన నటనకు ప్రాణం పోసిందని, ఇది తనకు సొంత మనిషిని పోగొట్టుకున్నంత నష్టమని సూర్య ఆ రోజు రాశారు.

2005లో వచ్చిన 'అపరిచితుడు' ఒకసారి గుర్తు తెచ్చుకోండి. రామానుజం, రెమో, అపరిచితుడు, ఒకే ఒంట్లో ముగ్గురు మనుషులు. ప్రకాష్‌రాజ్ ఎదుట విక్రమ్ ఒకరిలోంచి ఒకరిలోకి మారిపోతూ ఉంటాడు. బెదిరిపోయిన అమాయకుడి వణుకు, మరుక్షణమే గరుడపురాణం శిక్షలు వేసేవాడి గర్జన. తెర మీద విక్రమ్‌కి కళ్లున్నాయి, జుట్టుంది, చేతులున్నాయి. చీకటి గదిలో మైకు ముందు నిలబడ్డ మూర్తిగారికి ఉన్నది ఊపిరొక్కటే. దాంతోనే ముగ్గుర్నీ విడదీసి చూపించారు. ఆ సీను తెలుగులో చూసి ఒళ్లు జలదరించిన వాళ్లలో ఎంతమందికి ఆయన ముఖం తెలుసు?

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. రెండు మూడేళ్లుగా కంప్యూటర్‌తో గొంతుల్ని పుట్టించే ఏఐ గురించి గొడవ నడుస్తోంది. 2024 జనవరిలో ఎ.ఆర్. రెహమాన్ 'లాల్ సలామ్' కోసం చనిపోయిన ఇద్దరు గాయకులు, బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని ఏఐతో పాడించారు. వాళ్ల కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. దాదాపు అదే సమయంలో 'కీడా కోలా' అనే తెలుగు సినిమాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును తమ అనుమతి లేకుండా పుట్టించారని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. గాయకుల విషయంలో కనీసం ఇంత చర్చ జరిగింది. డబ్బింగ్ చెప్పేవాళ్ల గొంతుల గురించి ఆ మాత్రం కూడా వినబడదు. ఎందుకు వినబడదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో ఒక భాష సినిమాకు ఇంకో భాష మాటలు అతికించే పని దక్షిణాదిలోనే మొదలైందంటారు. ఎ.వి. మెయ్యప్ప చెట్టియార్ కన్నడ 'హరిశ్చంద్ర'ను తమిళంలోకి మార్చి 1944లో విడుదల చేశారు. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా 1950లో వచ్చిన 'ఆహుతి', హిందీ 'నీరా ఔర్ నందా'కు తెలుగు రూపం. మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. 'మహాప్రస్థానం' కవి సినిమాల్లోకి అడుగుపెట్టింది డబ్బింగ్ గుమ్మం లోంచే. ఈ పనిని తక్కువగా చూసేవాళ్లకు ఈ సంగతి చెప్పాలని నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఆ రోజుల్లో ఫిల్మును చిన్న చిన్న ముక్కలుగా కోసి, రెండు కొసలూ అతికించి, లూపులుగా తిప్పేవారు. ఒకే ముక్క తెర మీద మళ్లీ మళ్లీ వస్తుంటే, దాన్ని చూస్తూ డైలాగు పట్టాలి. సీనులో ఉన్న నలుగురి గొంతులూ ఒకేసారి రికార్డు చేసేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. సెకనుకు 24 ఫ్రేములు, అందులో నాలుగైదు ఫ్రేములు అటూ ఇటూ అయినా పెదవి ఒకటీ మాట ఒకటీ అని చూసేవాడికి తెలిసిపోతుంది. ఇప్పుడు కంప్యూటర్ మీద ఒక్కొక్కరూ విడిగా వచ్చి చెప్పి వెళ్తున్నారు. పని తేలికైంది. కానీ ఎదుటి మనిషి గొంతు విని దానికి బదులిచ్చే అవకాశం పోయింది.

తమిళం నుంచి తెలుగు చేయడం సులువని బయటివాళ్లు అనుకుంటారు. కొంత నిజమే. రెండు భాషల్లోనూ క్రియ చివర్లోనే వస్తుంది. వాళ్ల 'వా'కు మన 'రా' సరిపోతుంది, 'పో'కు 'పో'నే. కష్టం 'వేండామ్' దగ్గర మొదలవుతుంది. ఆ మాట చివర పెదవులు గట్టిగా మూసుకుంటాయి. మన 'వద్దు' చివర తెరిచే ఉంటాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, తమిళ మాట చాలాసార్లు హల్లుతో ఆగిపోతుంది. దగ్గరి షాట్‌లో హీరోయిన్ కన్నీళ్లతో 'వేండామ్' అని నోరు మూసుకుంటే, రాసేవాడు ప, బ, మ ఉన్న మాట కోసం వెతుక్కోవాలి. అది దొరక్కపోతే చెప్పేవాళ్లు ఆ చివరి అచ్చును ఊపిరిలో మింగేయాలి. అనిసెట్టి, రాజశ్రీ, వెన్నెలకంటి లాంటి డబ్బింగ్ రచయితలు జీవితాలు ధారపోసింది ఈ వెతుకులాటకే. బ్యాంకు ఉద్యోగం వదిలి చెన్నైలో స్థిరపడిన వెన్నెలకంటి 2021 జనవరిలో పోయేదాకా ఆయన చేతిలో ఈ పని ఉంటూనే వచ్చింది. వాళ్లు రాసినదాన్ని మనం నమ్మేలా పలికింది మాత్రం ఈ గొంతులు.

పి.జె. శర్మ గారి ఇల్లు ఈ కథలో ఒక అధ్యాయం. నటుడు, అంతకంటే ఎక్కువగా డబ్బింగ్ కళాకారుడు. 2014 డిసెంబర్‌లో పోయారు. ఆయన పెద్దకొడుకు సాయికుమార్ సుమన్‌కీ రాజశేఖర్‌కీ ఏళ్లకేళ్లు గొంతయ్యాడు. 'బాషా'లో రజనీకాంత్‌కి చెప్పిన తెలుగు ఇప్పటికీ మన నోళ్లలో ఉంది. ఇంకో కొడుకు రవిశంకర్ 2009లో 'అరుంధతి'లో సోనూ సూద్‌కి చెప్పిన 'వదల బొమ్మాళీ' అనే రెండు మాటలతో తన పేరే మార్చుకున్నాడు. జనం ఆయన్ని బొమ్మాళి రవిశంకర్ అనే అంటారు. వీళ్లిద్దరికీ ముఖం తెచ్చిపెట్టింది మాత్రం కన్నడం. 'పోలీస్ స్టోరీ' (1996) సాయికుమార్‌ని బెంగళూరులో హీరోని చేసింది. 'కెంపేగౌడ' (2011)లో విలన్‌గా రవిశంకర్‌కి అక్కడ పేరొచ్చింది. డబ్బింగ్ సినిమాలకు దశాబ్దాల పాటు తలుపులు మూసి ఉంచిన పరిశ్రమ అది. ఆ అడ్డు చట్టవిరుద్ధమని కాంపిటిషన్ కమిషన్ తేల్చింది 2015లో. గొంతుతో బతికిన ఇద్దరూ అలాంటి చోటికి వెళ్లి మనుషులుగా గుర్తింపు పొందారు.

ఆడవాళ్ల కథ ఇంకా పెద్దది. బయటి రాష్ట్రాల నుంచి హీరోయిన్లు రావడం మామూలయ్యాక, తెలుగు తెరమీద కథానాయిక గొంతు అంటే దాదాపు ఎప్పుడూ అరువుదే. 1967 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడుగా వేసిన రోజారమణి పెద్దయ్యాక వందలాది పాత్రలకు డబ్బింగ్ చెప్పారు. 'మరో చరిత్ర' (1978)తో వచ్చిన సరిత తన సొంత పాత్రల కంటే ఎక్కువ పాత్రలు ఇతరుల ముఖాలతో చేశారు. విజయశాంతి, సౌందర్య వంటి వాళ్లకు గొంతిచ్చారు. 'ఏ మాయ చేసావె' (2010)లో మనం ప్రేమించిన జెస్సీలో సగం సమంత, సగం చిన్మయి. అదే చిన్మయిని 2018 నవంబర్‌లో చెన్నై డబ్బింగ్ యూనియన్ సభ్యత్వం నుంచి తీసేసింది. చందా కట్టలేదన్నది యూనియన్ చెప్పిన కారణం. యూనియన్ కార్డు లేకపోతే ఇక్కడ పని దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం బరువు అర్థమవుతుంది.

మగవాళ్లలో బాలు గారిని చెప్పకుండా ఎలా? 'మన్మథలీల'తో కమల్‌హాసన్‌కి డబ్బింగ్ మొదలుపెట్టి, 2008 'దశావతారం' తెలుగులో కమల్ వేసిన పదింటిలో ఏడు పాత్రలకు తానే చెప్పారు. ముసలావిడ పాత్రతో సహా. 'అన్నమయ్య'లో వెంకటేశ్వరస్వామిగా సుమన్ పెదవి విప్పితే వినబడేది బాలు గారే. ఆ డబ్బింగ్‌కి నంది అవార్డు వచ్చింది. మన నంది అవార్డుల్లో ఆ విభాగమైనా ఉండేది. జాతీయ సినిమా అవార్డుల్లో డబ్బింగ్‌కి చోటే లేదు.

వీళ్లంతా పేరున్నవాళ్లు. నాకు దగ్గరగా తెలిసింది పేరు లేని వాళ్ల బతుకు. చెన్నై సాలిగ్రామంలో మా వీధిలో ఒక అక్క ఉంటుంది. పాతికేళ్లుగా టీవీ నటి, డబ్బింగ్ ఆర్టిస్టు. సన్ టీవీ 1993లో, జెమినీ, ఈటీవీ 1995లో వచ్చాక చెన్నైలో ఇలాంటి వాళ్లకు చేతినిండా పని దొరికింది. తమిళ 'చిత్తి' తెలుగులో 'పిన్ని' అయిన రోజులవి. తర్వాత హిందీ సీరియళ్లు వరస కట్టాయి. పొద్దున సీరియల్లో అత్తగారి వేషం, సాయంత్రం ఆర్కాట్ రోడ్డు పక్క సందులో స్టూడియో. ఒకే రోజు హీరో తల్లికి, కార్టూన్‌లో ఏడేళ్ల పిల్లాడికి, ఊరేగింపులో 'పట్టుకోండి పట్టుకోండి' అనే గుంపుకి, అన్నిటికీ తనే. ఎండాకాలంలోనూ ఐస్ ముట్టదు, రాత్రి పెరుగు తినదు, ఫ్లాస్కులో వేడినీళ్లు. ఏడుపు సీన్లకంటే పురుడు సీన్లు గొంతును ఎక్కువ చీలుస్తాయని ఆవిడే చెప్పింది. వరసగా మూడు టేకులు అరిచాక మర్నాడు మాట రాదు. మాట రాని రోజు డబ్బూ రాదు.

ఒకసారి ఆవిడ మూడు నెలలు చెప్పిన ఎపిసోడ్లకు పేమెంట్ ఆగిపోయింది. పని ఇప్పించినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. "కాగితం ఏమైనా ఉందా అక్కా?" అని అడిగాను. "కాగితమేంటి తమ్ముడూ, ఫోన్ చేస్తే వెళ్లాం, చెప్పాం, వచ్చాం" అంది.

మనం డబ్బింగ్‌ని ముద్దుగా 'గాత్రదానం' అంటాం. పత్రికల్లో అదే మాట, అవార్డు సభల్లో అదే మాట. గౌరవంగానే అంటాం. కానీ దానం ఇచ్చినదాన్ని మళ్లీ అడగకూడదన్నది మన మర్యాద. ఆ మర్యాద ఈ మాటతో పాటే ఈ పనిలోకీ వచ్చి కూర్చుందని నాకనిపిస్తుంది. అక్క చేసేది దానం కాదు. అది ఇంటి అద్దె, కొడుకు ఫీజు.

తెలుగు పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయాక ఇక్కడ మిగిలిన వాళ్లకు అడిగే బలం ఇంకా తగ్గింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. ఒక్కో కుటుంబం సామాను సర్దుకుంది. తమిళ సినిమాల డబ్బింగ్ పని ఉన్నందుకు కొందరు ఉండిపోయారు. వెయ్యికి పైగా సినిమాలకు డబ్బింగ్ చెప్పిన ఘంటసాల గారి అబ్బాయి రత్నకుమార్ వాళ్లలో ఒకరు. 2021 జూన్ 10న ఆయన కూడా ఇక్కడే పోయారు.

ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కు అనేది 1994 సవరణతో వచ్చింది. అందులోనే ఒక మెలిక ఉండేది. సినిమాలో చేర్చడానికి ఒకసారి ఒప్పుకున్నాక ఇక ఆ హక్కు లేనట్టే. 2012 సవరణ దాన్ని కొంత మార్చింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలంది, దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఇచ్చింది. దాని ఆధారంగా 2013లో గాయకులు రాయల్టీ సంఘం పెట్టుకున్నారు. డబ్బింగ్ వాళ్లకు అలాంటిది లేదు. పైగా ఆ సవరణలోనే ఇంకో వాక్యముంది. సినిమాలో చిన్నా చితకా ప్రదర్శన చేసి, పరిశ్రమ అలవాటు ప్రకారం టైటిల్స్‌లో పేరు పడనివాళ్లను ప్రదర్శకులుగా లెక్కపెట్టరు. వక్రీకరణను అడ్డుకునే హక్కు ఒక్కటే వాళ్లకు మిగులుతుంది. టైటిల్స్‌లో పేరు వేయకపోవడం మర్యాద లోపమే అనుకున్నాను ఇన్నాళ్లూ. గుంపులో అరిచినవాళ్లకు, నాలుగు డైలాగుల పాత్రలకు చెప్పినవాళ్లకు పేరు లేకపోతే హక్కే పోవచ్చు.

ఏఐ వచ్చింది ఈ ఖాళీలోకి. అనిల్ కపూర్ విషయంలో 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు, అరిజీత్ సింగ్ విషయంలో 2024 జులైలో ముంబై హైకోర్టు గొంతుకు రక్షణ ఇచ్చాయి. అవి పేరున్న మనిషి వ్యక్తిత్వాన్ని కాపాడే తీర్పులు. ఈ గొంతు ఫలానా వారిదని జనానికి తెలిసి ఉండటం వాటికి పునాది. శ్రీనివాసమూర్తి గారి గొంతు వింటే జనానికి గుర్తొచ్చేది సూర్య. జీవితమంతా ఇంకొకరి ముఖానికి అతుక్కుపోయేలా చెప్పడమే ఆయన గొప్పతనం. కోర్టులో అదే ఆయన లాంటివాళ్లకు అడ్డం వస్తుంది. 2024లో 'వేట్టయాన్'లో అమితాబ్ పాత్రకు తమిళంలో వేరొకరు చెప్పిన డబ్బింగ్‌ను ఏఐతో అమితాబ్ గొంతులోకి మార్చారు. అంటే ఊపిరి ఒకరిది, ఉచ్చారణ ఒకరిది, వినబడే గొంతు మరొకరిది.

డబ్బింగ్ వాళ్లకు కావలసినవి పెద్ద కోరికలేం కావు. టైటిల్స్‌లో పేరు. చెప్పిన పనికి ఒక ఒప్పందం, మెషీన్‌కు గొంతు నేర్పడానికి వేరే ఒప్పందం. నేర్పాక వాడుకున్న ప్రతిసారీ డబ్బు. బతికి ఉన్నప్పుడు, పోయాక కూడా అనుమతి.

పోయిన నెల అక్క నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టింది. పాతికేళ్లలో ఆవిడకు ఈ పనిలో వచ్చిన మొదటి ఒప్పందం. సంతోషంగా ఉంది, కానీ ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమంది. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగాను. ఆవిడ గొంతు రికార్డింగులను ఇప్పుడున్న, ఇకముందు రాబోయే ఏ సాంకేతికతతోనైనా, శాశ్వతంగా, మళ్లీ డబ్బు ఇవ్వకుండా వాడుకోవచ్చని ఉంది. తెలుగులో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అంటే నేను వెళ్లకపోయినా నా గొంతు వెళ్తుందా?" అని అడిగింది. ఆ వాక్యం కొట్టేస్తేనే సంతకం పెడతానని మర్నాడు వాళ్లకు ఫోన్ చేసి చెప్పింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా రోజూ సాయంత్రం ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని స్టూడియోకి వెళ్తూనే ఉంది.