కథ చెబుతూ మీరూ లేచి ఆడండి

"నక్క చప్పుడు కాకుండా పొద చాటుకి వెళ్లింది" అని మూడేళ్ల పిల్లకి చెప్పండి, వింటుంది. అదే మాట చెప్పి "ఎలా వెళ్లిందో చూపించు" అని అడగండి. మునివేళ్ల మీద లేస్తుంది, భుజాలు ముడుచుకుంటుంది, ఊపిరి బిగబట్టి ఒక్కో అడుగూ వేస్తుంది, ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యలో ఒకసారి వెనక్కి కూడా తిరుగుతుంది. ఆ వెనక్కి తిరగడం మీరు చెప్పిన వాక్యంలో లేదు. దొంగచాటుగా వెళ్లేవాళ్లకి భయం ఉంటుందన్న సంగతి ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ కనిపెట్టింది.

అందుకే ఇలాంటి ఆటల్ని, అంటే ఎవరో నేర్పిన స్టెప్పులు కాకుండా కథ వింటూ పిల్లలు సొంతంగా కదలికలు పుట్టించుకునే డాన్స్‌ని, ఉత్త కాలక్షేపమని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. చిన్నపిల్లలు ఒళ్లు కదుపుతూనే చాలా విషయాలు అర్థం చేసుకుంటారు, అదీ మాటలు రాకముందు నుంచే.

2005లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రేనర్ అనే పరిశోధకులు 7 నెలల పసివాళ్లతో ఒక ప్రయోగం చేశారు. ఏ దెబ్బా గట్టిగా వినపడకుండా, అన్నీ ఒకేలా ఉండే తాళం ఒకటి వినిపిస్తూ, కొందరు పిల్లల్ని ప్రతి రెండో దెబ్బకీ, కొందరిని ప్రతి మూడో దెబ్బకీ చేతుల్లో ఎత్తి ఎగరేశారు. తర్వాత అదే తాళాన్ని ప్రతి రెండో దెబ్బనీ నొక్కి ఒక రకంగా, ప్రతి మూడో దెబ్బనీ నొక్కి ఇంకో రకంగా వినిపిస్తే, పిల్లలు తమని ఏ లెక్కలో ఎగరేశారో ఆ రకాన్నే ఎక్కువసేపు విన్నారు. చెవిన పడిన శబ్దం అందరికీ ఒక్కటే, తేడా అంతా ఒంటికి తెలిసిన ఊపులోనే ఉంది. కళ్లకి గంతలు కట్టి ఎగరేసినా ఫలితం అదే వచ్చింది. పెద్దవాళ్లు ఎగురుతుంటే ఊరికే చూసిన పిల్లల్లో మాత్రం రాలేదు. ఈ చివరి సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే తెర మీద డాన్స్ చూపిస్తే చాలనుకునేవాళ్లం చాలామందిమి ఉన్నాం.

తల ఊగినప్పుడు లోపలి చెవిలో ఉండే మూడు అర్ధవృత్తాకారపు గొట్టాల్లోని ద్రవం కదులుతుంది, ఎటు తిరిగామో మెదడుకి ఆ కబురు అందుతుంది. కండరాలు ఎంత సాగాయో చెప్పే నరాల కబురు వేరే వస్తుంది. కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకి తెలిసేది దానివల్లే. చూస్తూ కూర్చున్న పిల్లకి ఈ కబుర్లేవీ అందవు.

ఇంట్లోవాళ్లు కలిసి ఆడడం ఎందుకో ఇంకో ప్రయోగం చెబుతుంది. 2014లో ట్రేనర్ బృందమే 14 నెలల పిల్లల్ని పాటకి ఎగరేస్తూ, ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి ఎగరమంది. కొందరితో ఆ మనిషి సరిగ్గా తాళం కలిపి ఎగిరారు, కొందరితో తాళం తప్పి ఎగిరారు. ఆ తర్వాత ఆ మనిషి చేతిలో వస్తువులు పొరపాటున జారినట్టు కింద పడేస్తే, తాళం కలిసిన పిల్లలే ఎక్కువగా వెళ్లి తీసిచ్చారు. ఏడాది దాటిన పసివాళ్లకి కూడా తనతో కలిసి ఊగినవాళ్లు మనవాళ్లు. కాబట్టి పిల్లలు ఆడుతుంటే ఫోన్ తీసి వీడియో పట్టుకోవడం తర్వాత చూసుకోవచ్చు, ముందు మీరు లేవండి.

ఏం ఆడించాలో తెలీదని చాలామంది వెనకాడతారు. రుడాల్ఫ్ లాబన్ అనే నృత్య సిద్ధాంతకర్త (1879–1958) కదలికని నాలుగు వైపుల నుంచి చూడమన్నాడు: బరువు, వేగం, దారి, బిగువు. అడుగు ధబ్బున పడుతోందా, తేలుతోందా? ఉన్నట్టుండి జరుగుతోందా, నింపాదిగానా? సూటిగా వెళ్తోందా, వంకర్లు పోతోందా? బిగబట్టి ఉందా, వదిలేసినట్టుందా? ఇంట్లో కథ నడపడానికి ఈ ప్రశ్నలు ఎంత పనికొస్తాయో చెప్పలేను. వాన వచ్చిందనుకోండి, ముందు తుంపర, వేళ్లతో మాత్రమే, తర్వాత జడివాన, తర్వాత గాలి, అందరం ఒకే వైపుకి వాలిపోతాం, ఠక్కున ఆగింది, ఎవరూ కదలకూడదు, ఆకు చివర ఒక్క చుక్క ఉంది, అది ఎప్పుడు రాలుతుందో చిన్నదాన్ని చెప్పమనండి. స్టెప్పు ఒక్కటీ నేర్పక్కర్లేదు. నిజానికి నేర్పడం మొదలుపెడితే ఆట చచ్చిపోతుంది. "అలా కాదు, ఇలా" అన్న మరుక్షణం పిల్ల కథని వదిలేసి మీ మొహం చూడడం మొదలుపెడుతుంది.

కథ గుర్తుండడం మాటేమిటంటారా? 2004లో ఆర్థర్ గ్లెన్‌బర్గ్ బృందం ఒకటి, రెండు తరగతుల పిల్లలతో చదివించింది. కథలో వచ్చేవాటి ఆటబొమ్మల్ని ఎదురుగా పెట్టి, ముఖ్యమైన వాక్యం చదివినప్పుడల్లా అందులో జరిగింది బొమ్మలతో చేసి చూపించమన్నారు. అలా చేసినవాళ్లకి ఊరికే చదివినవాళ్లకంటే కథ బాగా గుర్తుంది, అర్థమూ అయింది. అవి బొమ్మలే, డాన్స్ కాదు, ఆ తేడా మర్చిపోకూడదు. అలాగే డాన్స్ చేస్తే లెక్కలొస్తాయి, మార్కులు పెరుగుతాయి అనే ప్రచారాన్ని నేను నమ్మను, ఆ లాభం కోసం ఆడించడం నాకు ఇష్టం కూడా లేదు.

కథ పిల్లలదే అయితే ఇంకా బాగుంటుంది. అమెరికాలోని చికాగోలో వివియన్ పేలీ అనే టీచరమ్మ, పిల్లలు చెప్పిన కథని వాళ్ల మాటల్లోనే రాసుకుని, తర్వాత క్లాసంతా కలిసి దాన్ని ఆడేలా ఏళ్ల తరబడి నడిపింది. మూడే వాక్యాల కథైనా సరే, దిద్దకుండా రాసుకోవాలి. ఎవరు ఏ వేషం వెయ్యాలో కథ చెప్పిన పిల్లే చెబుతుంది.

సిగ్గుపడే పిల్లల్ని మధ్యలోకి లాగొద్దు. మా అబ్బాయి చాలా రోజులు గోడకి ఆనుకుని నిలబడి చూసేవాడు, ఏం అడిగినా తల అడ్డంగా ఊపేవాడు. ఒకసారి కథలో అందరం అడవిలో దారి తప్పి తిరుగుతుంటే, "నన్ను గుద్దుకోకండి, నేను చెట్టుని" అన్నాడు. అన్ని రోజులూ ఆ గోడ దగ్గర వాడు ఆడుతూనే ఉన్నాడేమో. మేం వాడి చుట్టూ తిరిగి, వాడి నీడలో కాసేపు కూర్చుని, మళ్లీ దారి వెతుక్కున్నాం.