ఇళ్లకంటే ముందు దారి: కొత్త కాలనీల్లో నడక, సైకిల్, బస్సుల కథ

రెండు ఇళ్ల పెరళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ప్రహరీ గోడ. ఈ ఇంటి పిల్ల ఆ ఇంటి పిల్లతో ఆడుకోవాలంటే గోడ దూకాలి. లేదంటే తన వీధి చివరిదాకా నడిచి, కాలనీ గేటు దాటి, లారీలు తిరిగే పెద్ద రోడ్డెక్కి, పక్క కాలనీ గేటులోంచి మళ్లీ లోపలికి రావాలి. పది అడుగుల్లో అయిపోవాల్సింది కిలోమీటరు దాటుతుంది. చివరికి ఇంట్లో ఎవరో ఒకరు కారు తీస్తారు.

ఇలాంటి కాలనీలు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడివాళ్లకు నడవడం ఇష్టం ఉండదని, సైకిల్ అలవాటు పోయిందని తరచూ వింటుంటాం. నాకు ఆ మాట అన్యాయంగా అనిపిస్తుంది. ఆ ఇళ్లలోకి మొదటి కుటుంబం రాకముందే, ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే, వాళ్లు ఎలా తిరగాలో చాలావరకు తేలిపోయింది. ఆ ప్లాన్లు అలా ఎందుకు తయారయ్యాయో తెలుసుకోవాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1888లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు ఎలక్ట్రిక్ ట్రామ్‌లను విజయవంతంగా నడిపి చూపించాడు. ఆ తర్వాత ఎన్నో నగరాలు ట్రామ్ పట్టాల వెంబడే పెరిగాయి. పట్టాలు ముందు పడేవి, ఇళ్లు తర్వాత లేచేవి. చాలాచోట్ల ట్రామ్ నడిపేవాళ్లూ స్థలాలు అమ్మేవాళ్లూ ఒకరే. జపాన్‌లో కొబయాషి ఇచిజో 1910లో ఒసాకా దగ్గర రైలు మార్గం తెరిచి, అదే ఏడాది దాని పక్కనే ఇకెడాలో ఇళ్లు వాయిదాల మీద అమ్మాడు. ఇల్లు అమ్ముడుపోవాలంటే స్టేషన్ నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. అందుకని ఇళ్లు దగ్గర దగ్గరగా, వీధులు ఒకదాంట్లోకి ఒకటి కలిసేలా ఉండేవి. నడకను ప్రోత్సహించాలని అప్పట్లో ఎవరూ ప్రత్యేకంగా అనుకోలేదు. ఇల్లు అమ్మే లెక్కలోనే అది కలిసిపోయింది.

కార్లు వచ్చాక ఆ లెక్క మారింది. అయితే మార్పు మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు. 1920లలో అమెరికా వీధుల్లో కార్ల కింద పడి చనిపోతున్నవాళ్లలో పిల్లలు చాలామంది ఉండేవారు. వాళ్లను కాపాడాలనే క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అనే ఆర్కిటెక్టులు 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే ఊరిని కట్టడం మొదలుపెట్టారు. దానికి 'మోటారు యుగపు ఊరు' అని పేరు. కార్లు ఇళ్ల వెనకవైపు, చివర మూసి ఉన్న చిన్న వీధుల్లోకి వచ్చి ఆగుతాయి. ఇళ్ల ముందు పచ్చిక, దానిలో నడిచే బాటలు, పెద్ద రోడ్డు అడ్డొస్తే కింది నుంచి దాటే దారి. అదే ఏడాది క్లారెన్స్ పెర్రీ అనే ప్లానర్ తన 'నైబర్‌హుడ్ యూనిట్' ఆలోచనను ప్రచురించాడు. బడి మధ్యలో ఉండాలి, పెద్ద రోడ్లు అంచుల్లో ఉండాలి, ఏ పిల్లా పెద్ద రోడ్డు దాటకుండా బడికి నడిచి వెళ్లాలి అన్నది దాని సారం.

మంచి ఆలోచనే. కానీ తర్వాత ఇళ్లు కట్టి అమ్మినవాళ్లు దీంట్లోంచి సగమే తీసుకున్నారు. మూసిన వీధిని తీసుకున్నారు, పచ్చిక మధ్య బాటను వదిలేశారు. పెద్ద రోడ్డును అంచుకు జరిపారు, దాన్ని దాటే దారిని మర్చిపోయారు. 1934లో ఏర్పడ్డ అమెరికా ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి రుణాలకు బీమా ఇచ్చేది. ఎలాంటి లేఅవుట్ మంచిదో చెప్పే పుస్తకాలూ వేసేది. వాటిలో గళ్లలాగా ఉండే పాత వీధుల కంటే వంపు తిరిగిన వీధులు, చివర మూసుకుపోయే వీధులు మేలని రాశారు. అది పేరుకు సలహానే. కానీ రుణం కావాల్సిన బిల్డరు సలహా కాదని ఎందుకు వెళ్తాడు? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కోసం జనం ఎగబడ్డప్పుడు ఈ తరహా కాలనీలే వేలకు వేలుగా లేచాయి. న్యూయార్క్ దగ్గరి లెవిట్‌టౌన్‌లో 1947 నుంచి 1951 మధ్య 17 వేలకు పైగా ఇళ్లు కట్టారు.

దీనికి పార్కింగ్ నిబంధన తోడైంది. 1923లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం, అపార్ట్‌మెంట్ కడితే కార్లకు కూడా చోటు చూపించాలని పెట్టింది. ఇలాంటి నిబంధనల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. యుద్ధం తర్వాత అది ఊరూరా పాకింది. ఇంటికి ఇన్ని, షాపుకు ఇన్ని, బడికి ఇన్ని అని పట్టికలు వచ్చాయి. డొనాల్డ్ షూప్ అనే ప్రొఫెసర్ 2005లో ఉచిత పార్కింగ్ మీద పెద్ద పుస్తకమే రాసి, ఈ అంకెలకు సరైన ఆధారం లేదని, వాటి ఖర్చును కారు లేనివాళ్లు కూడా మోస్తున్నారని వాదించాడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. పార్కింగ్ కోసం వదిలిన ప్రతి గజమూ రెండు తలుపుల మధ్య దూరాన్ని పెంచుతుంది. షాపు ముందు కార్ల మైదానం ఉంటే, నడిచి వచ్చేవాళ్లు ఆ మైదానమంతా దాటాకే షాపు చేరాలి.

ఇలాంటి కాలనీలోకి బస్సు ఎందుకు రాదో కూడా కాస్త వివరంగా చూడాలి. బస్టాపు ఐదు నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్లలో ఉంటే జనం వస్తారని ప్లానర్లు లెక్క వేసుకుంటారు. వీధులు కలిసి ఉన్నచోట ఆ పరిధిలోకి చాలా ఇళ్లు వస్తాయి. వీధులు మూసుకుపోయినచోట, గీత గీస్తే 300 మీటర్లున్న ఇల్లు కూడా నడిచేసరికి 800 మీటర్లు అవుతుంది. పోనీ బస్సే లోపలికి వద్దామంటే, ఒకే గేటులోంచి దూరి, చుట్టూ తిరిగి, మళ్లీ అదే గేటులోంచి బయటపడాలి. అప్పటికే బస్సులో కూర్చున్నవాళ్లకు అది వృథా ప్రయాణం. వాళ్లు తగ్గుతారు. జనం తగ్గారని అరగంటకొకటి ఉన్న బస్సు గంటకొకటి అవుతుంది. చివరికి కారు లేని ముసలివాళ్లు, విద్యార్థులు మాత్రమే దానికోసం ఎదురుచూస్తారు. ఆ తర్వాత ఒకరోజు ఆ రూటే రద్దవుతుంది.

ఇంగ్లండ్‌లో ఈ మార్పు పిల్లల మీద ఎంత పడిందో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం లెక్క తీసింది. 1971లో ఏడు, ఎనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. తల్లిదండ్రుల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. వీధిలో కార్లు పెరిగినకొద్దీ పిల్లను కారులోనే దింపాలనిపిస్తుంది, అలా దింపినకొద్దీ వీధిలో కార్లు ఇంకా పెరుగుతాయి.

సైకిల్ ట్రాక్ వేస్తే చాలదా? ఈ ప్రశ్నకు ఇంగ్లండ్‌లోని స్టీవనేజ్ సమాధానం చెప్పింది. 1946లో ప్రకటించిన కొత్త ఊళ్లలో అదే మొదటిది. దాని ఇంజనీరు ఎరిక్ క్లాక్స్‌టన్ స్వయంగా సైకిల్ తొక్కే మనిషి. పెద్ద రోడ్ల పక్కనే వేరుగా ట్రాకులు వేయించాడు, కూడళ్ల దగ్గర కింది నుంచి దాటేలా దారులు కట్టించాడు. చూడటానికి విదేశాల నుంచి కూడా ఇంజనీర్లు వచ్చేవారు. అయినా ఊరి జనం కార్లకే మళ్లారు. ఎందుకంటే ఆయన కార్లకు కూడా అంతే మంచి రోడ్లు ఇచ్చాడు. జామ్ లేదు, సిగ్నల్ దగ్గర ఆగే పని లేదు, చేరినచోట కారు పెట్టుకోవడానికి చోటు ఉంది. రెండు దారులూ సుఖంగా ఉంటే చాలామంది కారే ఎంచుకుంటారు. 1967లో ప్రకటించిన మిల్టన్ కీన్స్‌లో కూడా 'రెడ్‌వేలు' అనే పొడవాటి సైకిల్ బాటల వల ఉంది. అక్కడా వేగంగా సాగే రోడ్లదే పైచేయి అయింది.

దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్‌లోని హౌటెన్ మరో దారి పట్టింది. 1960ల చివర్లో ఆ చిన్న పల్లెను పెద్ద ఊరుగా పెంచాలని నిర్ణయించినప్పుడు, రాబ్ డెర్క్స్ అనే ఆర్కిటెక్ట్ కారును నిషేధించలేదు. చుట్టూ పంపాడు, అంతే. ఊరి చుట్టూ రింగ్ రోడ్డు ఉంటుంది. ఒక పేట నుంచి పక్క పేటకు కారులో వెళ్లాలంటే ముందు రింగ్ రోడ్డు మీదికి రావాలి, అక్కడి నుంచి మళ్లీ లోపలికి దిగాలి. సైకిల్ మాత్రం మధ్యలోంచి తిన్నగా వెళ్లిపోతుంది. సైకిల్ దారుల వెన్నెముక పక్కనే బడులు, ఊరి నడిబొడ్డున రైల్వే స్టేషన్. ఇప్పుడు అక్కడ సుమారు 50 వేల మంది ఉంటున్నారు. రాడ్‌బర్న్ నుంచి బిల్డర్లు వదిలేసిన సగమే హౌటెన్‌కు ప్రాణమైందని నాకనిపిస్తుంది. మూసిన వీధి అక్కడా ఉంది. అది కారుకు మాత్రమే మూసి ఉంది.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి ప్లాన్లకు బలం జనం కోపం నుంచి వచ్చింది. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది దాకా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతురిని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత రాసిన వ్యాసం నుంచి 'పిల్లల హత్యలు ఆపండి' అనే ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీద బైఠాయించారు. 1973లో చమురు కొరత వచ్చి, కొన్ని ఆదివారాలు ప్రభుత్వమే కార్లు నిలిపివేసింది. 1976లో 'వూనెర్ఫ్' అనే వీధికి చట్టబద్ధత వచ్చింది. ఆ వీధిలో నడిచేవాళ్లకు, ఆడుకునే పిల్లలకు మొత్తం వెడల్పు మీద హక్కు ఉంటుంది, కారు వాళ్ల నడక వేగంతో పోవాలి.

రవాణా ఎప్పుడు వస్తుందన్నది కూడా ఎలా వస్తుందన్నంత ముఖ్యమే. ఇల్లు మారినప్పుడు మనిషి ఆఫీసుకు ఎలా వెళ్లాలో, పిల్లలను బడికి ఎలా పంపాలో కొత్తగా ఆలోచిస్తాడు. ఆ కొద్ది వారాల్లో పడిన అలవాటు ఏళ్ల తరబడి ఉంటుంది. స్టాక్‌హోమ్ శివారులోని వెలింగ్‌బీకి మెట్రో 1952లోనే చేరింది, ఊరి కేంద్రం 1954లో తెరిచారు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో రీసెల్‌ఫెల్డ్ అనే కొత్త పేటకు మొదటి కుటుంబాలు 1996లో వచ్చాయి. పేట ఇంకా సగం కూడా పూర్తికాకముందే, 1997లో, ట్రామ్ వచ్చేసింది. ఖాళీ ట్రామ్ నడపడం డబ్బు దండగ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కానీ బస్సో ట్రామో రాకముందే ఆ కుటుంబం రెండో కారు కొనేస్తే, తర్వాత వచ్చే ట్రామ్ ఆ కారుతో పోటీ పడి గెలవాలి.

అదే నగరంలోని వోబాన్ కథ పార్కింగ్ గురించి. ఫ్రెంచ్ సైనికులు 1992లో ఖాళీ చేసిన బారకాసుల స్థలంలో ఆ పేట వెలిసింది. కారు కావాలనుకుంటే అంచున ఉన్న గ్యారేజీలో చోటు విడిగా కొనుక్కోవాలి. కారు లేనివాళ్లు లేదని రాసి ఇస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఇది వినడానికి తేలిక. కానీ ఇంటికొక పార్కింగ్ చోటు ఉండాలని చట్టం చెప్పేది. దాంతో ఎప్పుడైనా గ్యారేజీ కట్టాల్సి వస్తే పనికొస్తుందని కొంత భూమిని పక్కన పెట్టి చట్టానికి జవాబు చెప్పారు.

నిబంధనలు ఆలస్యంగానైనా కదులుతున్నాయి. కొత్త కాలనీ వల్ల ఎన్ని కార్లు రోడ్డెక్కుతాయో అంచనా వేయడానికి అమెరికా ఇంజనీర్లు 1976 నుంచి ఒక అంకెల పుస్తకాన్ని వాడుతున్నారు. ఆ అంకెలు ఎక్కువగా ఉచిత పార్కింగ్ ఉండి, బస్సు సరిగా లేని శివార్లలో లెక్కించినవి. వాటి ప్రకారం రోడ్డు వెడల్పు చేస్తే, దాటడం కష్టమై, నడిచేవాళ్లు తగ్గి, ఆ అంచనాయే నిజమవుతుంది. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, కూడలిలో కార్లు ఎంతసేపు ఆగుతాయన్న లెక్కను పక్కకు పెట్టింది. 2020 జులై నుంచి అక్కడ కొత్త నిర్మాణం వల్ల మొత్తం ఎన్ని మైళ్ల కారు ప్రయాణం పెరుగుతుందో చూస్తున్నారు. స్టేషన్ పక్కన కట్టే ఇళ్లకు పాత లెక్క శిక్షలా ఉండేది, కొత్త లెక్క అనుకూలంగా ఉంది. న్యూజిలాండ్ 2020లో ఇచ్చిన జాతీయ విధానంతో, 2022 నాటికి నగరాల కౌన్సిళ్లు కనీస పార్కింగ్ నిబంధనలు తీసేయాల్సి వచ్చింది.

ఇంగ్లండ్‌లో 2022లో యాక్టివ్ ట్రావెల్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. 2023 జూన్ నుంచి 150 ఇళ్లు, ఆపైన ఉండే ప్రతి కొత్త ప్రాజెక్టుకూ అనుమతి ఇచ్చేముందు స్థానిక ప్లానింగ్ అధికారులు దాని అభిప్రాయం అడగాలి. ఫుట్‌పాత్ ఎంత వెడల్పు, సైకిల్ ఎక్కడ పెడతారు, బస్టాపు ఎంత దూరం అన్నవి ఆ దశలోనే చూస్తారు. ఇది నిజంగా మంచి అడుగు. ఇళ్లు లేచాక గోడకు సందు పెట్టించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. ఆ గోడ పక్క ఇంటివాళ్లు దొంగల భయం అంటారు, రాకపోకల గోల అంటారు, భూమి ఎవరిదన్న తగాదా వస్తుంది. ప్లానులో రెండు మీటర్ల బాటగా గీసి ఉంటే ఆ ఇల్లు కొన్నవాళ్లు బాట ఉందని తెలిసే కొనేవారు.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. ఒక పొలంలో 60 ఇళ్లు, పక్క పొలంలో 80, దాని పక్కన 70, ముగ్గురు బిల్డర్లు మూడు వేర్వేరు దరఖాస్తులు పెడితే, ఏ ఒక్కటీ 150కి చేరదు. మూడూ కలిస్తే 210 ఇళ్లు, ఒక చిన్న ఊరు. ప్రతి బిల్డరూ తన హద్దు వరకే దారి గీస్తాడు. హద్దు దగ్గర కంచె వేస్తాడు. ఆ కంచెకు అటూ ఇటూ ఉన్న రెండు దారులను కలిపే బాధ్యత ఎవరి దరఖాస్తులోనూ ఉండదు.