స్పోర్ట్స్ కార్డులు ఇచ్చిపుచ్చుకోవడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో పిల్లలు బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ కార్డులు పోగేయడం మొదలుపెట్టగానే తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. నేను కార్డులు కొనేదానికంటే మార్చుకునేదే ఎక్కువ. అందుకే మార్పిడి గురించి తరచూ వినే అపోహలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముప్పై ఏళ్ల నాటి కార్డులంటే బోలెడు డబ్బు.

1980ల చివరి నుంచి 1990ల మొదటి దాకా కంపెనీలు కార్డులను ఎడాపెడా అచ్చేశాయి. ఆ కాలాన్ని మేం 'జంక్ వాక్స్' అంటాం. కొన్నవాళ్లు కూడా ఎప్పటికైనా ధర పెరుగుతుందని భద్రంగా దాచుకున్నారు. అందుకే అవి ఇప్పటికీ గ్యారేజీల్లో పెట్టెలకొద్దీ ఉన్నాయి. టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022 వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. కానీ అది పాతదైనందుకే అంత పలకలేదు. 1952లో అమ్ముడుపోని సరుకును కంపెనీవాళ్లే 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. మిగిలినవాటిలో అంత చక్కగా ఉన్నవి చాలా అరుదు. జంక్ వాక్స్‌లోనూ 1989లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన బేస్‌బాల్ ఆటగాడు కెన్ గ్రిఫీ జూనియర్ రూకీ కార్డు (ఆటగాడి తొలి ఏడాది కార్డు) లాంటి వాటికి గిరాకీ ఉంది. మిగతావి కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు పంచేయండి.

అపోహ: రెండు వైపులా ధర డాలర్లతో సహా సరిపోవాలి.

ధర చూసుకోవాల్సిందే. అయితే ఈబేలో ఎవరో అడుగుతున్న ధర కాదు, నిజంగా అమ్ముడైన ధరలు చూడాలి. సెట్టు, అంటే ఒక సిరీస్‌లోని కార్డులన్నీ, పూర్తిచేసే మనిషికి చివరి రెండు కార్డులు దొరకడమే ముఖ్యం. వాటికోసం తన దగ్గర రెండేసి ఉన్న ఖరీదైనవి కూడా సంతోషంగా ఇస్తాడు. మీరు కవర్లో ఎదుటివాళ్ల అభిమాన టీమువి నాలుగు కొసరు వేస్తే మళ్లీ మీతోనే మార్చుకుంటారు. ఒక్క విషయంలో మాత్రం నేను మొహమాటపడను. పదేళ్ల పిల్లాడితో మార్చుకునే పెద్దమనిషి ముందుగా ధరలు చూపించాలి, వాళ్ల అమ్మనో నాన్ననో పక్కన ఉంచుకుని మాట్లాడాలి. అలా చేయనివాళ్లతో నేను మార్పిడి పెట్టుకోను.

అపోహ: గట్టి ప్లాస్టిక్‌లో పెట్టి టేపు బిగిస్తే పోస్టులో ఏమీ కాదు.

ఎక్కువ కార్డులు పాడయ్యేది ఇక్కడే. టాప్‌లోడర్ అనే ఆ గట్టి ప్లాస్టిక్ తొడుగులో కార్డును నేరుగా పెడితే అటూఇటూ జారి గీతలు పడతాయి. ముందు పెన్నీ స్లీవ్ అనే మెత్తని పల్చటి ప్లాస్టిక్ కవరు తొడగాలి, ఆ తర్వాతే టాప్‌లోడర్. పైన మూతికి మామూలు సెల్లోటేపు వేయకండి. జిగురు మిగిలిపోతుంది, లాగేటప్పుడు కార్డుకు అంటుకునే ప్రమాదమూ ఉంది. గోడలకు రంగు వేసేవాళ్లు వాడే నీలం టేపు తీసుకుని, కొస కాస్త మడిచి అతికిస్తే సులువుగా ఊడుతుంది. దాన్ని టీమ్ బ్యాగ్ అనే చిన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, రెండు అట్టముక్కల మధ్య బిగించి, బబుల్ కవర్లో పంపండి. మామూలు కవర్లో టాప్‌లోడర్ వేసి స్టాంపు అంటిస్తే, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే మెషీన్‌లో చిక్కుకుని చిరిగిపోవచ్చు. విలువైనదైతే ట్రాకింగ్ తప్పనిసరి.

ఎవరు ముందు పంపాలి? కొత్తవాళ్లే. పాత కలెక్టర్ గురించి మరో నలుగురు చెప్పగలరు, కొత్తవాళ్ల గురించి ఇంకా ఎవరికీ తెలియదు. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. పెద్ద ధర కార్డులైతే కార్డ్ షోలో ఎదురెదురుగా మార్చుకోండి.

అపోహ: స్లాబ్‌లో ఉందంటే ఇక చూడక్కర్లేదు.

స్లాబ్ అంటే గ్రేడింగ్ కంపెనీ కార్డు ఎంత బాగుందో చూసి, గ్రేడ్ ఇచ్చి సీలు వేసే గట్టి ప్లాస్టిక్ పెట్టె. హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ దగ్గర ఒకప్పుడున్న పాతకాలపు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు, పీఎస్ఏ అనే అలాంటి కంపెనీ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు. పదికి 8 గ్రేడ్ వచ్చింది. కానీ అది చక్కగా కనిపించేలా అంచులు తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కాబట్టి అంచులు, మూలలు మీ కళ్లతో చూడండి. సర్టిఫికెట్ నంబరును గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో సరిచూడండి.

అపోహ: అమ్మలేదు కదా, పన్నేముంటుంది?

2018 నుంచి అమెరికాలో మార్పిడికి పన్ను వాయిదా సౌకర్యం స్థిరాస్తికి మాత్రమే మిగిలింది. వంద డాలర్లకు కొన్న కార్డును వెయ్యి డాలర్ల కార్డుతో మార్చుకుంటే, చేతికి నగదు రాకపోయినా లాభం వచ్చినట్టే, దానిపై పన్ను పడొచ్చు. ఖరీదైన కార్డులు ఎప్పుడు, ఎంతకు కొన్నారో, మార్చుకున్న రోజు ధర ఎంతో రాసిపెట్టుకుని మీ పన్నుల లెక్కలు చూసే సీపీఏకి చూపించండి.