నోరు వాసనొస్తే పొట్టని తిట్టకండి

బెంగళూరు మారతహళ్లిలో నా పళ్ల క్లినిక్‌కి వచ్చే మనవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే చెప్పే మాట, "కొంచెం గ్యాస్ ట్రబుల్ ఉంది డాక్టర్, అందుకే నోరు వాసనొస్తోంది." అన్నిటికంటే మొండి అపోహ ఇదే. పది కేసుల్లో ఎనిమిది, తొమ్మిదింటికి మూలం నోట్లోనే ఉంటుంది. నాలుక వెనక భాగంలో, పళ్ల సందుల్లో, చిగుళ్ల కింద గాలాడని చోట బ్యాక్టీరియా చేరి, మిగిలిపోయిన తిండిని కుళ్లబెట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు వదులుతుంది. ఆ మధ్య ఒకతను నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగి మింగి వచ్చాడు. కింది దవడ పళ్ల మధ్య నుంచి ఫ్లాస్ దారం లాగి అతని ముక్కు దగ్గర పెడితే మొహం చిట్లించి "ఇదే వాసనండీ" అన్నాడు. ఈ పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయట కదా?" ఊరి నుంచి వచ్చిన అమ్మలందరిదీ ఇదే టెన్షన్. పన్నుని వదులు చేసేది గార. అది చిగురు కిందికి దిగి ఎముకని కరిగించేస్తుంది, పైగా సందుల్లో తనే గట్టిగా పేరుకుని ఉంటుంది కాబట్టి తీసేశాక ఖాళీలు కనిపిస్తాయి, కొన్నాళ్లు జివ్వుమంటుంది కూడా. ఆ నింద మాత్రం మాకు!

మౌత్‌వాష్ పుక్కిలిస్తే చాలనుకోవడం ఇంకోటి. అది వాసనని కాసేపు కప్పుతుందంతే. చిగుళ్లకి మేం రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ని సొంతంగా నెలలకి నెలలు వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, రుచీ మారుతుంది. బొగ్గుపొడి, ఉప్పు పెట్టి గట్టిగా రుద్దితే అరిగేది మీ ఎనామిలే. మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్ట్‌తో రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. రాత్రి పూట మాత్రం అస్సలు మానొద్దు. నాలుక గీసుకునేటప్పుడు ముందు భాగంతో ఆపేయకుండా వెనక దాకా వెళ్లండి, మొదట్లో డోకొస్తుంది, అలవాటైపోతుంది.

వెల్లుల్లి కారం తిన్న రోజు ఎంత తోమినా వాసన పోదు, అది రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి వస్తుంది కాబట్టి. అది జబ్బు కాదు. పొద్దున్నే వచ్చే వాసనా అంతే, నిద్రలో లాలాజలం తగ్గుతుంది. ఆఫీసు ఏసీలో నీళ్లు మర్చిపోయి కాఫీలమీద బతికేవాళ్లకి మాత్రం పగలంతా అదే పరిస్థితి.

ఇవన్నీ చేసి, చిగుళ్లూ చూపించుకుని, అయినా తగ్గకపోతే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, టాన్సిల్స్‌లో తెల్లటి గడ్డలుండొచ్చు, సైనస్ కావచ్చు. గ్యాస్ డాక్టర్ వంతు ఆ తర్వాతే.