పాత ఫ్యాక్టరీలు పురావస్తువులైన కథ

లండన్‌లో యూస్టన్ రైల్వే స్టేషన్ ముందు 1837 నాటి పెద్ద రాతి తోరణం ఉండేది. ఎంతమంది మొత్తుకున్నా వినకుండా 1962 నాటికి దాన్ని నేలమట్టం చేశారు. మిల్లుల్నీ ఆవిరి యంత్రాల్నీ కూడా చరిత్రగా చూసి కాపాడుకోవాలని ఇంగ్లండ్ చరిత్రకారుడు మైకేల్ రిక్స్ 1955లోనే రాశారు. ఆ పనికే పారిశ్రామిక పురావస్తు శాస్త్రం అని పేరు. రిక్స్ మాటలోని బరువు జనానికి బాగా తెలిసొచ్చింది తోరణం పోయాకే.

మొదట్లో అందరి చూపూ 'మొట్టమొదటి' వాటి మీదే. ఇంగ్లండ్‌లోని కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు బదులు, గని బొగ్గును కాల్చి తయారుచేసే కోక్‌తో ఖనిజం నుంచి ఇనుము తీశాడు. ఆ కొలిమిని 1959లో మట్టి తొలగించి బయటపెట్టారు. దగ్గర్లోనే 1779లో నిలబెట్టిన పోత ఇనుప వంతెన ఉంది. దాని అతుకులు చూడాలి! ఇనుముతో వంతెన కట్టిన అనుభవం లేక, ఒక కమ్మీ చివరను ఇంకోదాని బెజ్జంలో దూర్చి, చీలలు కొట్టి బిగించారు. అచ్చం వడ్రంగి పనే. కాగితాల్లో దొరకని ఇలాంటి సంగతుల కోసమే ఈ శాస్త్రం.

తర్వాత జాబితా పెరిగింది. కాలువలు, రేవులు, గనులు, గ్యాస్ ట్యాంకులు చేరాయి. జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో జోలెర్న్ బొగ్గు గని యంత్రశాలను కూల్చేయబోతుంటే, 1969లో రక్షిత కట్టడంగా ప్రకటించి ఆపారు. 2003లో రష్యాలోని నిజ్నీ తగీల్‌లో ఆమోదించిన అంతర్జాతీయ పత్రం ఇంకో అడుగు ముందుకేసి కార్మికుల ఇళ్లు, బడులు, ప్రార్థనా స్థలాలను కూడా లెక్కలోకి తీసుకుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. యంత్రం ఎలా తిరిగిందో డ్రాయింగుల్లో దొరకొచ్చు. ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకున్నారో, నీళ్లకు ఎంత దూరం నడిచారో ఆ ఇళ్లే చెప్పాలి.

చెత్త కూడా సాక్ష్యమే. కొలిమిలో లోహం తీశాక మిగిలి, పారబోసిన చిట్టెం ముక్కను పరీక్షిస్తే ఏ ఖనిజం వాడారో, కొలిమి ఎంత వేడెక్కిందో అంచనా కట్టొచ్చు. చిక్కు కూడా ఇక్కడే. ఇంగ్లండ్‌లో 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే పారిశ్రామికవేత్త మొదలుపెట్టిన క్రామ్‌ఫర్డ్ నూలు మిల్లులో తర్వాతి కాలంలో రంగుల తయారీ జరిగింది. సీసం కలిసిన రంగులతో నేల, గోడలు విషమయ్యాయి. జనం అడుగుపెట్టాలంటే ఆ విషాన్ని ఎత్తిపోయాలి, కానీ ఆ మట్టి కూడా మిల్లు చరిత్రలో భాగమే. అందుకే ఇలాంటి చోట్ల శుభ్రం చేసేవాళ్ల కంటే ముందు కొలతలు, ఫొటోలు, మట్టి నమూనాలు తీసుకునేవాళ్లు వెళ్లాలి.