ఊదా లేజర్, నారింజ కళ్లద్దాలు: అపోహలు - వాస్తవాలు

ఫ్లోరెసెన్స్ (కాంతి పడితే పదార్థం తనే వేరే రంగులో వెలగడం) చూపించడానికి నేను ఎక్కువగా వాడేది 405 నానోమీటర్ల ఊదా లేజర్. ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో నారింజ రంగు కళ్లద్దాలు పెడితే "ఇవి పెట్టుకుంటే ఇంకేం కనబడుతుందండీ?" అంటారు. పెట్టుకున్నాకే కనబడుతుంది.

అపోహ: కళ్లద్దాలు లేజర్‌తో పాటు పదార్థం నుంచి వచ్చే వెలుగును కూడా ఆపేస్తాయి.

పదార్థం ఊదా కాంతిని పీల్చుకుని, అంతకన్నా పొడవైన తరంగదైర్ఘ్యంలో వెలుగు వదులుతుంది. కెంపు అయితే 694 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. నారింజ అద్దం 405ని ఆపుతుంది, ఎరుపును పోనిస్తుంది. ఆకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి తీసిన పచ్చటి ద్రవంలోకి కిరణం పంపి చూడండి. పక్కన పరిచిన తెల్ల కాగితం, సీసా అంచులు, అన్నీ ఊదాగా చెదిరి కంటికి అడ్డొస్తాయి. అద్దాలు పెట్టుకోగానే ఆ గోలంతా పోయి ద్రవంలో ఒక్క ఎర్రటి గీత మిగులుతుంది. లోపలికి పోయేకొద్దీ సన్నబడి ఆరిపోతుంది కూడా. 1852లో భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ ఎండను ఊదా గాజులోంచి పంపి, వచ్చిన వెలుగును పసుపు వడపోతలోంచి చూసింది ఇందుకే.

ఇంకో సంగతి. మన కంటి కటకం కూడా ఈ కాంతికి లేతగా వెలుగుతుంది. అద్దాల్లేకుండా చూస్తే మంచు పట్టినట్టు ఉండేది కొంత దానివల్లే.

అపోహ: మసగ్గా కనబడుతోంది, కాబట్టి బలహీనమైన లేజరే.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. పగటి చూపుకి 555 నానోమీటర్ల దగ్గర ఉండే సున్నితత్వంలో 405 దగ్గర వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగు కళ్లల్లో కొట్టినట్టు అనిపించదు, అందుకని రెప్ప కూడా వెంటనే పడకపోవచ్చు. రెటీనా మీద పడే శక్తి మాత్రం తగ్గదు.

అపోహ: చలువ కళ్లద్దాలో, యూవీ 400 అని రాసినవో చాలు.

యూవీ 400 అంటే 400 వరకు ఆపుతుందని. మన లేజర్ ఆ గీత దాటి నిలబడింది! చలువ కళ్లద్దాలైతే ఇంకా ఘోరం: చీకటికి కంటిపాప పెద్దదై లేజర్ ఇంకా ఎక్కువ లోపలికొస్తుంది. అద్దం నారింజగా ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఫ్రేమ్ మీద రాసిన తరంగదైర్ఘ్యాల్లో 405 కూడా ఉండాలి, దాని పక్కన ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అద్దం కాంతిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) విలువ ఉండాలి. ఓడీ 4 అంటే పదివేల వంతుల్లో ఒక్క వంతే లోపలికొస్తుంది. అలాగని నేరుగా కిరణంలోకి చూడొచ్చని కాదు.

అపోహ: అద్దాల్లోంచి చుక్క కనబడిందంటే అద్దాలు పనిచేయడం లేదు.

ఒకసారి గోడ మీద పసుపుపచ్చ చుక్క చూసి నాకే టెన్షన్ వచ్చింది. రంగు వెయ్యని గరుకు లోహపు ముక్కను అక్కడ పెడితే చుక్క మాయమైంది. వెలిగింది గోడకు వేసిన రంగు. ఉల్టా కూడా జరుగుతుంది. తెల్ల కాగితంలో తెలుపు కోసం కలిపే రసాయనాలు నీలంగా వెలుగుతాయి, ఆ నీలాన్నీ అద్దం ఆపేస్తుంది కాబట్టి కాగితం చచ్చినట్టు నల్లగా ఉంటుంది. "ఇది వెలగట్లేదు" అని రాసేసుకుంటారు పిల్లలు.

అపోహ: అద్దాల్లోంచి కనబడిందే అసలు రంగు.

కాదు. హైలైటర్ సిరా నుంచి వచ్చే ఆకుపచ్చ అద్దాల్లోంచి డల్ పసుపుగా కనబడుతుంది. ఫోన్ కెమెరా ముందు అలాంటిదే ఇంకో అద్దం పెట్టి ఫోటో తీసినా అంతే. అందుకే మా వాళ్లు నోట్‌బుక్‌లో రంగు రాసినప్పుడల్లా పక్కన ఏ కళ్లద్దాలతో చూశారో వాటి మీది అంకెలు కూడా రాస్తారు.